పేర్లు కాదు, అధికారాలు తెలుసుకుందాం
(సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా పౌరసత్వ పరీక్షకు, స్త్రీల హక్కులకు సంబంధమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. భర్త వీసా మీద ఆధారపడి వెళ్ళిన మన ఆడపిల్లలు, కూతుళ్ళ కాన్పులకని వెళ్ళి తర్వాత గ్రీన్‌కార్డుతో అక్కడే ఉండిపోయిన తల్లులు ఈ పరీక్షకు హాజరవుతున్నారు. 1922 వరకు ఆ దేశంలో పెళ్ళయిన స్త్రీ పౌరసత్వం భర్త పౌరసత్వాన్ని బట్టే నడిచేది. ఆ ఏడాది వచ్చిన చట్టంతో అది క్రమంగా మారింది. ఈనాడు ఆమె దరఖాస్తు ఆమెదే. అధికారి ఎదుట కూర్చుని తానే జవాబు చెప్పాలి.

2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల జాబితాలోంచి 20 వరకు నోటితో అడుగుతారు. 12 సరిగా చెప్పాలి. గ్రీన్‌కార్డుతో 20 ఏళ్ళు ఉండి 50 దాటినవారు, 15 ఏళ్ళు ఉండి 55 దాటినవారు దుబాసీ సాయంతో తెలుగులోనే చెప్పవచ్చు. ఇంగ్లీషు రాదని వెనకాడే తల్లులకు ఈ సంగతి ముందుగా చెప్పాలి.

పదవుల గురించిన ప్రశ్నలు మనవాళ్ళను తికమకపెడతాయి. మాటలు మనకు తెలిసినవే, అధికారాలు వేరు. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకుంటారు. అక్కడ ప్రధానమంత్రి లేరు. ప్రభుత్వాన్ని నడిపేదీ, సర్వసైన్యాధిపతీ, బిల్లుపై సంతకం చేసేదీ, తిరస్కరించేదీ అధ్యక్షుడే. ఆయన మంత్రులు చట్టసభ సభ్యులుగా ఉండకూడదు. మన గవర్నరును కేంద్రం నియమిస్తుంది. అక్కడి గవర్నరును ప్రజలు ఎన్నుకుంటారు కనుక మన ముఖ్యమంత్రితో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ప్రతినిధుల సభ స్పీకరు అధిక సంఖ్యాక పక్షానికి నాయకత్వం వహిస్తారు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఇద్దరూ లేకుండా పోతే ఆ బాధ్యత స్పీకరుకు వస్తుంది.

చాలామంది పేర్లు బట్టీపడతారు. కానీ ఇంటర్వ్యూ రోజున పదవిలో ఎవరున్నారో ఆ పేరే చెప్పాలి. పదవి అర్థమైతే మారిన పేరు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు.

అంతకన్నా ముఖ్యమైంది, ఏ పనికి ఎవరి దగ్గరకు వెళ్ళాలన్నది. వలస కాగితాలు ఎక్కడో ఆగిపోతే, తన నియోజకవర్గ ప్రతినిధి కార్యాలయాన్ని అడగవచ్చు. ఓటు లేకపోయినా అడగవచ్చు. ఇంట్లో హింస ఉంటే రక్షణ ఉత్తర్వు ఇచ్చేది రాష్ట్ర న్యాయస్థానం. వీసా చట్టాలు చేసేది మాత్రం కాంగ్రెస్. 1994 నాటి స్త్రీలపై హింస వ్యతిరేక చట్టం వల్ల పౌరుడి భార్య, గ్రీన్‌కార్డున్నవాడి భార్య హింసకు గురైతే భర్త సంతకంతో పని లేకుండా సొంతంగా గ్రీన్‌కార్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. భర్తకింకా ఉద్యోగ వీసానే ఉంటే ఆమెకు ఆ దారి లేదు. మన ఆడపిల్లలు ఎక్కువగా చిక్కుకునేది ఈ సందులోనే. దీన్ని పూడ్చమని గవర్నరును అడిగితే లాభం లేదు. అడగవలసింది సెనేటర్లను, ప్రతినిధులను. అధికారం ఎవరి చేతిలో ఉందో తెలియకపోతే మన అర్జీ తప్పు గుమ్మం ముందు పడి ఉంటుంది.

ఆ పదవులు స్త్రీలకు సులువుగా దక్కలేదు. తొలి మహిళా స్పీకరు నాన్సీ పెలోసీ వచ్చింది 2007లో. తొలి మహిళా ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ 2021లో. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేశారు. అధ్యక్ష పదవిలో ఇంతవరకు స్త్రీ లేదు.

కాబట్టి వీసా మీద వెళ్ళే అమ్మాయిలతో మాట్లాడేటప్పుడు, అక్కడ ఉన్నవారికి ఫోనులో సలహా చెప్పేటప్పుడు, ప్రతి పదవి పక్కన రెండు మాటలు రాయించండి: దానికి ఏ అధికారం ఉంది, నేను ఏ పనికి అక్కడికి వెళ్ళాలి. పరీక్ష ఒక్క రోజుతో అయిపోతుంది. ఆ కాగితం మాత్రం ఆమె దగ్గరే ఉండాలి.