రాత్రి దురద - నేను చేసిన పొరపాటు

(నల్లకుంటలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, పెన్షను గురించి మాట్లాడగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. కార్యదర్శి గారు నాకు ఆరోగ్యం మీద పది నిమిషాలిచ్చారు. నేను డాక్టరును కాను, గుమాస్తాగా ఫైళ్ళు మోసినవాణ్ణి. కాని రాత్రి దురద విషయంలో ఒక పొరపాటు చేశాను. అది మీరు చేయకూడదని చెబుతున్నాను.

ఒక కార్తీక మాసంలో స్నేహితులతో యాత్రకు వెళ్ళి సత్రంలో రెండు రాత్రులు పడుకున్నాను. నెల తిరిగేసరికి రాత్రిళ్ళు దురద మొదలైంది. చలికాలం కదా, ఒళ్ళు పొడిబారిందనుకుని కొబ్బరినూనె రాశాను. తగ్గలేదు. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజులు హాయిగా నిద్ర పట్టింది. తరువాత దురద రెట్టింపయింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు మా ఆవిడకూ దురద వచ్చింది. ఆమె మోకాళ్ళకు రోజూ నూనె రాసే మా పనిమనిషి కూడా ఒకరోజు చేతులు గోక్కుంటూ కనిపించింది. "ఈమె వల్లనే ఇంటికంతా అంటుకుంది" అని తీర్మానించి పని మాన్పించాం. వెళ్తూ ఆమె ఒకే మాటన్నది: "మీరు సంక్రాంతి ముందు నుంచే గోక్కుంటున్నరు గద సార్!" నేను విననట్టు ఊరుకున్నాను.

చివరికి చర్మవైద్యుని దగ్గరికి వెళ్ళాం. ఆయన వేళ్ళ సందులు, మణికట్లు, నడుము చూసి మొదట అడిగిన ప్రశ్న, "ఇంట్లో ముందు ఎవరికి వచ్చింది?" అని. జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అది గజ్జి. కంటికి ఆనని పురుగు చర్మంలో దూరి గుడ్లు పెడుతుంది. మొదటిసారి సోకినవారికి దురద బయటపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుందట. సత్రంలోనే అంటిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో మొదట గోక్కున్నది మాత్రం నేనే. ఆ ట్యూబులో ఉన్నది స్టిరాయిడు. అది దురదను మాటు వేసిందే గాని పురుగును చంపలేదు.

మన పేటలోని ఫీవరాసుపత్రిని పాతవాళ్ళు 'కోరంటి దవాఖానా' అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట నలిగి కోరంటి అయింది. అంటువ్యాధి వస్తే మనిషిని విడిగా ఉంచి వైద్యం చేసేవారు. మేము వైద్యం లేకుండానే ఆమెను వెలివేశాం.

గజ్జికి శుభ్రత, అశుభ్రత భేదం లేదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. డాక్టరు రాసే 5 శాతం పెర్మెత్రిన్ మందును మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా రాసుకుని రాత్రంతా ఉంచాలి. వారం తరువాత మళ్ళీ రాయాలి. పెద్దవాళ్ళకు తలకు, ముఖానికి కూడా కావాలా అన్నది డాక్టరే చెప్పాలి. ఇంట్లో అందరూ, దురద లేనివారు సైతం, ఒకే రోజు రాసుకోవాలి. పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. పురుగు చచ్చినా దురద రెండు నాలుగు వారాలుండవచ్చు. కంగారుపడి మందు పదేపదే పూయరాదు.

అయితే ప్రతి దురదా గజ్జి కాదు. మన వయసులో ఎక్కువగా వచ్చేది ఒళ్ళు పొడిబారడం వల్లనే. మరుగుతున్న నీళ్ళు వద్దు, గోరువెచ్చనివి చాలు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే. తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనెగాని వాజలీనుగాని రాయాలి. గోళ్ళు కత్తిరించుకోవాలి. రాత్రి దురద పుడితే గోకకుండా చల్లటి తడిగుడ్డ వేయండి.

దద్దుర్లు లేకుండా వారాల తరబడి దురద ఉంటే మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడు, రక్తం పరీక్ష చేయించాలి. కొత్తగా మొదలుపెట్టిన మాత్రలేమైనా ఉంటే డాక్టరుకు చెప్పాలి. మత్తునిచ్చే దురద మాత్రలు సొంతంగా మింగవద్దు. అర్ధరాత్రి బాత్‌రూముకు లేచి తూలిపడితే తుంటి విరుగుతుంది. ప్రొస్టేటు ఉన్నవారికి మూత్రం బిగుస్తుంది.

ఫైలు చదవకుండా నోటు రాయకూడదని నా కింది వాళ్ళకు ఎన్నోసార్లు చెప్పాను. ఇంట్లో ఆ పనే చేశాను.

తరువాత ఆమె ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆమెను, పిల్లలను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళి మందులు ఇప్పించాను. అందరికీ తగ్గింది. పనికి మాత్రం ఆమె తిరిగి రాలేదు. అప్పటికే వేరే ఇల్లు కుదుర్చుకుంది.

దురద వస్తే దాచుకోకండి. ఇంకొకరి మీద నెట్టకండి. సెలవు.