మూత్రపిండవ్యాధి – మన కర్తవ్యము

(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున గావించిన ఉపన్యాసము)

  

ఈ మహాసభయందు విద్యనుగూర్చియో సారస్వతమునుగూర్చియో నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. ముప్పదినాలుగేండ్లు బడిపంతులుగ నుండి విశ్రాంతి గైకొన్న మాకది తగిన పనియే. ఐనను వారి యనుమతిపై మేము విషయమును మార్చుకొంటిమి. ఏలయనగా, నిన్న నాలుగు గంటలకాలము డయాలిసిస్ యంత్రము ప్రక్కన పరుండి వచ్చితిమి; రేపు మఱల పోవలసియున్నది. నడుమ దొరకిన యీ యొక్క దినమున మన బంధువులకు పనికివచ్చు మాట చెప్పవలెనన్న, ఈ వ్యాధినిగూర్చి చెప్పుటకంటె మేలైనది మాకు తోపలేదు. మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పినదానిని, అనుభవము నేర్పినదానిని మాత్రమే విన్నవించెదము.

మూత్రపిండములకు సంస్కృతమున వృక్కములని పేరు. చరకసంహితయందు కోష్ఠాంగములలో నివి లెక్కింపబడినవి. రక్తమును వడపోసి మూత్రమును కల్పించునవి యివియేయని స్పష్టముగ నిరూపించినది మాత్రము ఆధునిక శారీరశాస్త్రము. వెన్నెముక కిరుప్రక్కల, పక్కటెముకల దిగువను, చిక్కుడుగింజ యాకారమున పిడికిలియంత పరిమాణముతో నివి యుండును. ఒక్కొక్కదానియందు సుమారు పదిలక్షల సూక్ష్మమైన వడపోత యంగములు కలవు. దినమునకు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడపోసి, పనికివచ్చుదాని నంతయు మరల రక్తమునకే చేర్చి, ఒకటిన్నర లీటరు మాత్రము మూత్రముగ వెలికి బంపును. రక్తపుపోటును అదుపున నుంచుటయు, రక్తకణములు పుట్టుటకు ప్రేరణ మొసగుటయు, ఎముకలకు బలమిచ్చు విటమిన్ డి ని పనికివచ్చునట్లు మార్చుటయు వీని పనులే. కావుననే యివి చెడినపుడు రక్తహీనత, ఎముకల బలహీనత, రక్తపుపోటు ఒకదానివెంట నొకటి వచ్చును.

ఈ వ్యాధియందలి గొప్ప యపాయము దాని మౌనము. జోడెడ్లలో రెంటికిని సత్తువ తగ్గుచున్నను బండి కొంతకాలము నడచుచునేయుండును, యజమానుడు గమనింపడు. మూత్రపిండముల శక్తి సగము పోయినను మనుష్యుడు తినుచు, తిరుగుచు, పొలము పోవుచునేయుండును. కాళ్లవాపు, మూత్రమున విడువని నురుగు, రాత్రులందు పలుమారులు మూత్రమునకు లేచుట, ఆకలి చెడుట, వికారము, దురద, ఆయాసము – ఇవి కనబడునప్పటికి చాలభాగము నష్టము జరిగియుండును. నొప్పి లేదు గనుక రోగము లేదనుకొనుట యీ వ్యాధివిషయమున పెద్ద పొరపాటు.

మాకు జరిగినదియు నదియే. నల్లబల్లముందు నిలిచి నిలిచి మోకాళ్లు పట్టుకొనిపోయినవి. మందుల దుకాణమున కేగి నొప్పిమాత్రలడిగితిమి, ఇచ్చిరి. ఉదయమొకటి, రాత్రి యొకటి చొప్పున పలు సంవత్సరములు మ్రింగితిమి. రక్తపుపోటు గలదని వైద్యుడు ముందే చెప్పియుండెను. దాని మాత్రలు మాత్రము తల తిరిగిన దినముననే వేసికొనుచుంటిమి. వేయవలసినవి మాని, వేయరానివి వేసికొంటిమి. పిల్లలకు వ్యాకరణమున ఒక్క యక్షరము తప్పినను ఊరకుండని మేము మా దేహవిషయమున నింత ప్రమత్తులమైతిమి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మొదలగు నొప్పిమాత్రలు మూత్రపిండములకు రక్తము చేర్చు నాళములను కుంచింపజేయును. వైద్యుని సలహాపై నాలుగు దినములు వాడుట వేఱు; రక్తపుపోటో మధుమేహమో కలవాడు ఏండ్లతరబడి వాడుట వేఱు.

ఈ మాట ఎక్కడనైన చెప్పదగినదే. నల్లగొండ, పాలమూరు సీమలలో మఱింత గట్టిగ చెప్పదగినది. మన నేల రాతినేల. మన బోరునీట ఫ్లోరైడు కలదు. నీటి ఫ్లోరైడువలన కలుగు ఎముకలవ్యాధిని 1937 లో నాటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించిరి. కాని లోకమున నీ వ్యాధిపేరు చెప్పిన వెంటనే జ్ఞప్తికి వచ్చునది మన నల్లగొండ. పటిక, సున్నము కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించు విధానమును నాగపురమందలి జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థవారు కనిపెట్టి దానికి నల్లగొండ పద్ధతియని పేరిడిరి. ఒక యూరిపేరు లోకమంతట నిట్లు వ్యాపించుట మనకు గౌరవమో దుఃఖమో మీరే చెప్పవలెను. మఱ్ఱిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతముల వంగిన వెన్నులను, వంకరకాళ్లను చూడనివారు ఈ సభయందు లేరు.

ఫ్లోరైడునకును మూత్రపిండములకును గల సంబంధమును పలువురెఱుగరు. దేహముననుండి ఫ్లోరైడు వెలువడు ముఖ్యమార్గము మూత్రపిండములే. అవి బలహీనమైనవాని దేహమున ఫ్లోరైడు మఱింత నిలుచును. ఎముకల కెక్కువ చేటు కలుగును. ఎముకల నొప్పికి నొప్పిమాత్ర. నొప్పిమాత్రచే మూత్రపిండమునకు హాని. హానివలన మరల ఫ్లోరైడు నిలుచుట – గానుగెద్దువలె నీ చక్రము తిరుగుచుండును. లీటరునకు ఒక మిల్లిగ్రాము మించని ఫ్లోరైడు గల నీరు మేలనియు, గత్యంతరము లేనిచో 1.5 వఱకు సహింపదగుననియు భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. 2016 లో ప్రారంభమైన మిషన్ భగీరథచే కృష్ణానది నీరు మన గ్రామములకు వచ్చినది. ఇంట కొళాయినీరుండ, పొలముకడ బోరునీటినే త్రాగు అలవాటును మానవలెను. ఇంటినుండి సీసాలో నీరు గొనిపోవుట యెవరికిని చిన్నతనము కాదు.

ఎండయు మఱియొక శత్రువు. పాలమూరు కూలీలు దూరదేశములందు కట్టడముల పనులకు పోవుట తరతరముల కథ. ఎండలో చెమటోడ్చుచు తగినంత నీరు త్రాగని శ్రామికులకు మూత్రపిండములు చెడుట మధ్య అమెరికా చెఱకుతోటలందు కనిపెట్టబడినది. మన తెలుగునాటనే శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కవిటి, సోంపేట, కంచిలి మొదలగు మండలములందు, మధుమేహముగాని రక్తపుపోటుగాని లేని రైతులు, కూలీలు సయితము ఈ వ్యాధిపాలైరి. కారణమిదియని శాస్త్రజ్ఞులు నేటికిని ఏకవాక్యముగ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల వైద్యశాలయు, పరిశోధనకేంద్రమును వెలసినవి. ఆ గ్రామములు మనకు నేర్పిన పాఠమొక్కటే: ఇంటికొకరు పడిపోవువఱకు వేచియుండక, ముందే పరీక్షలు చేయించుకొనవలెను.

పరీక్షలు కష్టమైనవి కావు. రక్తపుపోటు, రక్తమున చక్కెర, రక్తమున క్రియాటినిన్, మూత్రమున ఆల్బుమిన్ – ఈ నాలుగు చాలును. క్రియాటినిన్ హద్దు దాటుసరికి చాలశక్తి పోయియుండును. ఆల్బుమిన్ పరీక్ష అంతకుముందే హెచ్చరించును. మధుమేహము, రక్తపుపోటు కలవారు ఏటేట చేయించుకొనవలెను.

తొలిదశలో తెలిసినచో వ్యాధిని పలు సంవత్సరములు నిలుపవచ్చును. రక్తపుపోటును 130/80 లోపల నుంచుట, చక్కెరను అదుపున బెట్టుట, పొగాకు మానుట, దినమునకు చిన్న చెంచాడు, అనగా 5 గ్రాములు మించని యుప్పు – ఇవి మూలస్తంభములు. మన తొక్కులు, అప్పడములు, మిరపకాయబజ్జీలు ఉప్పు మోసికొనివచ్చునవే. మధుమేహమునకై యిటీవల వచ్చిన కొన్ని నూతనౌషధములు మూత్రపిండములకును రక్షణ మొసగుచున్నవని పరిశోధనలు నిరూపించినవి. తూకము తెలియని భస్మములను, వేరుమందులను నమ్మి వైద్యుని విడుచుట తగదు. ఆయుర్వేదముపై గౌరవము గల మేమే యీ మాట చెప్పుచున్నాము.

వ్యాధి ముదిరినవారికి పథ్యము వేఱగును. ఆరోగ్యవంతునకు అమృతమువంటి కొబ్బరినీరు, అరటిపండు, పొటాషియం నిలిచిన రోగికి గుండెయాగు నపాయము తేగలవు. తక్కువ సోడియమని యమ్ము ఉప్పునందు పొటాషియముండును. అదియు రోగికి కూడదు. నీరెంత త్రాగిన నంత మంచిదనుటయు అందఱికి సరిపడు మాట కాదు. మూత్రము తగ్గినవారు వైద్యుడు చెప్పిన కొలతకు మించరాదు. మే మాసపు టెండలో దాహము నాపుకొనుట యెంత కష్టమో మే మెఱుగుదుము.

శక్తి నూటికి పదునైదు పాళ్లకు తగ్గినపిమ్మట డయాలిసిస్‌కో, మార్పిడికో సిద్ధపడవలసియుండును. రక్తశుద్ధి యంత్రమును 1943 లో హాలెండు దేశమున కోల్ఫ్ అను వైద్యుడు నిర్మించెను. మొదటి సఫలమైన మూత్రపిండపు మార్పిడి 1954 డిసెంబరు 23 న అమెరికాయందలి బోస్టను నగరమున కవలసోదరులమధ్య జరిగెను. మన దేశమున 1971 లో వెల్లూరునందు నెరవేరెను. ఇప్పుడు డయాలిసిస్ మన జిల్లాల పట్టణములందే దొరకుచున్నది. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1 న తొలుత మూడు జిల్లాలలో మొదలైనది. వానిలో నొకటి మన పాలమూరు. యంత్రమునకు పైకము లేకున్నను, వారమునకు మూడుసార్లు రాకపోకల ఖర్చు, తోడువచ్చువాని కూలి నష్టము రోగియింటినే క్రుంగదీయుచున్నవి. మా ప్రక్క పడకవాడు బస్సుఛార్జీ లేక ఒకమారు మానెను. తదుపరిమారు ఆయాసముతో వచ్చెను.

ఇక చెప్పుటకు కష్టమైన మాట చెప్పెదము. మార్పిడి చేయించుకొనదలచినచో దగ్గరి బంధువులలో నొకరు ఇయ్యవచ్చునని వైద్యులు చెప్పిరి. 1994 నాటి చట్టము ప్రకారము తలిదండ్రులు, కొడుకులు, కూతుళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, భార్యాభర్తలు ఇయ్యదగినవారు. ఆ మాట పూర్తికాకమునుపే మా గృహిణి "నాది తీసికొనుడు" అనెను. మా కుమారులిద్దఱు నేలచూపులు చూచిరి. వారిని నిందింపము, వారిని పెంచినవారము మేమే. మన దేశమున బ్రదికియుండగా మూత్రపిండము నిచ్చువారిలో స్త్రీలే యెక్కువ. పొందువారిలో పురుషులే యెక్కువ. ఈ లెక్క మన గృహములలోనే తయారగుచున్నది.

ఆమెకు పరీక్షలు జరిగినవి. ఆమెకు మధుమేహము పలు సంవత్సరములనుండి యున్నదనియు, మూత్రమున ఆల్బుమిన్ పోవుచున్నదనియు తేలినది. మా రక్తమును పదునైదేండ్లుగ పరీక్షింపజేయుచుంటిమి. ఆ పదునైదేండ్లును పట్టణమునకు మాతో వచ్చి, మా చీటీలు చేతబట్టుకొని వరుసలో నిలిచినది ఆమె. ఆమె రక్తము నొక్కమారైనను పరీక్షింపుడని మేము చెప్పలేదు. మా కియ్యదలచినప్పుడు గాని ఆమె యారోగ్య మెట్లున్నదో విచారింపవలెనని మాకు తోపలేదు. ఇంతకంటె మా జీవితమున తల వంచుకొనవలసిన ఘడియ మఱియొకటి లేదు. ఆమె యిప్పుడు మందులు వాడుచున్నది, వ్యాధి తొలిదశలోనేయున్నది. మేము జీవన్‌దాన్ నందు పేరు నమోదు చేయించుకొని వరుసలో వేచియున్నాము.

కావున ఈ మహాసభ యెదుట మూడు ప్రార్థనలుంచుచున్నాము.

మొదటిది: ఏటేట జరుగు ఈ మహాసభయందు భోజనశాలకు ముందు పరీక్షాశాల నేర్పాటు చేయుడు. పైని చెప్పిన నాలుగు పరీక్షలును జరుపుడు. ముందు స్త్రీలకు, పిమ్మట పురుషులకు. ఇంటి యిల్లాలి చీటీ చూపనిదే గృహస్థుని రక్తము తీయరాదని నియమము పెట్టినను మాకు సమ్మతమే.

రెండవది: ధర్మదాతలైన పోషకులు వసతిగృహములకు, కల్యాణమండపములకు ఉదారముగ నిచ్చుచున్నారు. అందులో నొక భాగమును డయాలిసిస్‌కు పోవు బీదబంధువుల ప్రయాణవ్యయమునకు నిధిగ నేర్పరుపుడు. గోడపై పేరు చెక్కబడకపోవచ్చును. ఒక యింట దీపము మాత్రము నిలుచును.

మూడవది: ఈ వ్యాధిని దాచకుడు. పిల్ల పెండ్లి చెడునని తండ్రి రోగమును దాచుట, దాచుటకై వైద్యుని మానుట మన ఊళ్లలో జరుగుచున్నది. మధుమేహమువలన, రక్తపుపోటువలన, మందులవలన వచ్చిన వ్యాధి వంశదోషము కాదు. కొన్ని మూత్రపిండవ్యాధులు వంశపారంపర్యములన్నమాట నిజమే. అట్టి యింట దాచుటకంటె పరీక్షయే రక్ష. సంబంధము చూడవచ్చినవారు ఈ విషయమును నెపముగ చేసికొనరాదని సంఘము తీర్మానింపవలెను. మరణానంతరము అవయవములు దానము చేయుటకు మన పురుషులు ముందుగ సంతకము చేయవలెను; ఇంట నొకరి కవసరమైనపుడు "నాది తీసికొనుడు" అను మాట పురుషుని నోటినుండియు రావలెను.

సోదరులారా! బడిలో మేము చెప్పిన పాఠములు ఎందఱకు జ్ఞాపకమున్నవో తెలియదు. ఈ పాఠమొక్కటి జ్ఞాపకముంచుకొనుడు. ఈ సాయంకాలము ఇండ్లకు చేరినపిమ్మట మీ తల్లిని, మీ యిల్లాలిని "నీకు చివరి పరీక్ష ఎప్పుడు జరిగినది?" అని యడుగుడు. జవాబు రాకున్న, రేపటి మొదటి బస్సు కామెను తోడ్కొనిపొండు.

 సర్వులకు ఆయురారోగ్యములు కలుగుగాక!