శాతం మారింది, కాలు మారలేదు



2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుండి 21కి పెంచింది; సంతోషించాము. అయితే కేంద్రం పింఛను 80 శాతం వైకల్యమున్న పేదలకే, అదీ నెలకు 300 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి అందుతున్న 6,000లో మిగతాదంతా రాష్ట్రానిదే. దానికి 40 శాతం ఉండాలి.

2025 పునఃపరిశీలనలో మా వీధిలో పోలియో సోకిన ఒక సోదరికి, చేతిలో 'శాశ్వత' ధ్రువపత్రం ఉండగానే నోటీసు వచ్చింది. పైగా పత్రంలో 'బీ', ఆధార్‌లో 'బేగం'. దస్త్రాలు రాసి విశ్రాంతి పొందిన మాకు తెలుసు, అది గుమాస్తా కలం చేసిన తప్పేనని.

అప్పీలుకు అవకాశముంది. పాత పత్రం పారవేయకండి. నోటీసు, ఆధార్ తీసుకొని జుమా నమాజు తరువాత రండి; అర్జీ మేము రాసిపెడతాము.