మిరప చేలో చల్లే యూరియా గ్యాస్‌తో చేస్తారా?

మొన్న మా దర్శి వెళ్లినప్పుడు నాన్నతో పాటు యూరియా క్యూలో నిలబడ్డా. రెండు గంటలు! మిరప చేను ఆగదు కదా. "ఇంతకీ దీన్ని దేంతో చేస్తార్రా?" అన్నాడు నాన్న. బీటెక్ చదివిన నాకు ఠక్కున రాలేదు.

సహజవాయువుతో. అవును, శిలాజ ఇంధనమే.

కోట్ల ఏళ్ల కిందట నదులు మోసుకొచ్చిన మొక్కలు, నీళ్లలోని సూక్ష్మజీవులు అడుగు బురదలో చిక్కుకున్నాయి. గాలి తగలక పూర్తిగా కుళ్లలేదు. పైన పొరలు పడేకొద్దీ బరువు, వేడి పెరిగి అవే చమురు, గ్యాస్ అయ్యాయి. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో తీసేది అలాంటిదే. సింగరేణి బొగ్గైతే డైనోసార్లకంటే ముందు బతికిన చెట్లు!

గ్యాస్‌లోని మీథేన్‌ని ఆవిరితో కలిపి బాగా వేడి చేస్తే హైడ్రోజన్ వస్తుంది. దానికి గాలిలోని నైట్రోజన్ కలిపితే అమోనియా, అమోనియాకి కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. అంటే ఇక్కడ గ్యాస్ పొయ్యి కింద మంట మాత్రమే కాదు, పొయ్యి మీద సరుకు కూడా.

రామగుండంలో పక్కనే బొగ్గుంది కదా అని బొగ్గుతోనే యూరియా చేశారు. 1999లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2021లో మొదలైన కొత్తది గ్యాస్‌తో నడుస్తోంది. చిక్కేంటంటే, దేశంలో వాడే గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతే. 45 కిలోల బస్తా మనకి 266 రూపాయల 50 పైసలకి వస్తోందంటే మిగతా ఖర్చు సబ్సిడీ మోస్తోంది.

"మరి గ్యాస్ అయిపోతే?" అన్నాడు నాన్న. నీళ్లని కరెంటుతో విడగొట్టి కూడా హైడ్రోజన్ తీయొచ్చు, కాకపోతే ఖర్చెక్కువ. ఎంత ఎక్కువో నెక్స్ట్ వీడియోలో లెక్కేద్దాం.