స్లాబ్ పోసే ముందు ఒక్క సంతకం: సివిల్ కాంట్రాక్టర్, కరెంట్ కాంట్రాక్టర్ కలిసి పనిచేయడం ఎట్లా?

ఇయ్యాల టాపిక్ సగం సిమెంట్, సగం కరెంట్. గోదావరిఖని, మంచిర్యాల, కరీంనగర్, ఆదిలాబాద్ సైడ్‌ల ఐటీఐ, డిప్లొమా, బీటెక్ ఎలక్ట్రికల్ చేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. ప్లాంట్‌లో చిన్న సబ్ కాంట్రాక్ట్ దొరికితే ఏం చూసుకోవాలి అన్నది వాళ్ల ప్రశ్న. నేను కోడింగ్ నుంచి వచ్చినోణ్ని, మేస్త్రీని కాదు. అయినా ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పగలను. కరెంట్ పని మొదలయ్యేది వైర్ లాగినప్పుడు కాదు, కాంక్రీట్ పోయకముందే. ఆ టైమ్‌కి సివిల్ వాళ్లు, ఎలక్ట్రికల్ వాళ్లు ఒక దగ్గర కూర్చోకపోతే ఆ తర్వాత ఎంత తెలివి ఉన్నా లాభం లేదు.

ముందు మన ఏరియా చూద్దాం. రామగుండంలో పాత ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడ్డది. అదే చోట ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021లో యూరియా తీయడం మొదలుపెట్టింది. జైపూర్ దగ్గర సింగరేణి పవర్ ప్లాంట్ 600 మెగావాట్ల యూనిట్లు రెండు పెట్టుకుని 2016లో నడవడం మొదలైంది. ఎన్టీపీసీ తెలంగాణ ప్రాజెక్టులో 800 మెగావాట్ల యూనిట్లు రెండు. మొదటిది 2023 అక్టోబర్‌లో, రెండోది 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. అంటే మన గోదావరి ఒడ్డున పదేళ్లలోనే ఇన్ని పెద్ద పనులు నడిచినయి. ఇట్లాంటి పనుల్లో పెద్ద కంపెనీ పేరు బోర్డు మీద ఉంటది. కింద చూస్తే సబ్ కాంట్రాక్టర్లు, వాళ్ల కింద పీస్ రేటు బ్యాచ్‌లు ఉంటయి.

ఇప్పుడు ఒక్క ఉదాహరణ తీసుకుందాం. కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్. కాళేశ్వరం 8వ ప్యాకేజీ పంప్‌హౌస్ అక్కడే ఉంది, భూమి లోపల. కాళేశ్వరం మీద రాజకీయ వాదనలు ఎన్నో ఉన్నయి, వాటి జోలికి నేను పోను. పని సంగతే మాట్లాడుకుందాం. లోపల 7 మోటార్లు, ఒక్కోటి 139 మెగావాట్లు. మొత్తం 973 మెగావాట్లు. అన్నీ ఒకేసారి తిరిగితే జైపూర్‌లోని 600 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తిగా, రెండో దాంట్లో సగానికి పైగా కరెంట్ కావాలి. 2019 ఆగస్టులో అక్కడ మొదటిసారి నీళ్లెత్తి చూశారు.

నిర్మాణం మేఘా ఇంజినీరింగ్ చేసింది, పెద్ద మోటార్లు బీహెచ్‌ఈఎల్‌వి. కరెంట్ 400 కేవీ లెవల్‌లో వస్తది. ఒక్క గుహలో రాయి కొట్టేవాళ్లు, కాంక్రీట్ పోసేవాళ్లు, క్రేన్ నడిపేవాళ్లు, మోటార్ బిగించేవాళ్లు, కేబుల్ లాగేవాళ్లు, అందరూ పని చేయాల్సిందే. పైన అయితే పక్కకు జరిగి నిలబడొచ్చు. భూమి లోపల జరగడానికి జాగ ఏదీ? అందుకే ఎవరి పని ముందు, ఎవరిది తర్వాత అన్నది అక్కడ మర్యాద విషయం కాదు, అవసరం.

సరే, కాంక్రీట్ లోపల ఎలక్ట్రికల్ వాళ్ల సొమ్ము ఏముంటది? చాలా ఉంటది. ఒకటి, ఎర్తింగ్. ఎర్త్ మ్యాట్ అంటే భూమిలో పరిచే ఇనుప పట్టీల వల. ఫ్లోర్ వేయకముందే అది పరచాలి, ప్రతి మెషిన్ దగ్గర ఒక కొస పైకి తీసి పెట్టాలి. రాతి నేలలో ఎర్తింగ్ రీడింగ్ దిగడం మామూలుగానే కష్టం, అందుకే అక్కడ ఇంకా ముందు నుంచి ప్లాన్ కావాలి. రెండు, కటౌట్లు, స్లీవ్ పైపులు. ఏ గోడలోంచి, ఏ స్లాబ్‌లోంచి కేబుల్ పోతదో అక్కడ సెంట్రింగ్ కొట్టేటప్పుడే ఖాళీ వదలాలి. మూడు, ఇన్సర్ట్ ప్లేట్లు. కేబుల్ ట్రేలు వెల్డింగ్ చేయడానికి కాంక్రీట్‌లోనే ప్లేట్ కూర్చోబెట్టాలి. నాలుగు, ట్రాన్స్‌ఫార్మర్ ప్లింత్, ప్యానెల్ కింద ట్రెంచ్. ట్రెంచ్ వెడల్పు తక్కువైతే లావు కేబుల్ వంపు తిరగదు, బలవంతంగా వంచితే ఇన్సులేషన్ దెబ్బతింటది.

వీటిలో ఒక్కటి మర్చిపోయినా ఏమైతది? కోర్ కటింగ్ మెషిన్ తెచ్చి గట్టిపడిన స్లాబ్‌కు బొక్క కొట్టాలి. దారిలో ఇనుము తెగితే స్ట్రక్చరల్ ఇంజినీర్ ఒప్పుకోడు. మెషిన్ కిరాయి, లేబర్ ఖర్చు, పోయిన రోజులు... ఇగ మొదలైతది పంచాయితీ. డ్రాయింగ్ మాకు ఆలస్యంగా వచ్చిందని సివిల్ వాళ్లు అంటరు. మేం ముందే చెప్పినం అని ఎలక్ట్రికల్ వాళ్లు అంటరు. చెప్పినట్టు కాగితం ఉందా? లేదు. చివరికి ఆ ఖర్చు ఎవరి బిల్లులో కోత పడుతదో తెలుసా? అందరికన్నా చిన్నోడి బిల్లులో. ఇయ్యాల వీడియో చేయడానికి అసలు కారణం ఇదే.

మా సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరు ఒకే ఫైల్ మీద పని చేస్తే మర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వస్తది. కూర్చుని సరిచేస్తే అయిపోతది, పాత వెర్షన్ ఎట్లాగూ ఉంటది. కాంక్రీట్‌కు పాత వెర్షన్ ఉండదు. ఒకసారి పోస్తే పోసినట్టే. అందుకే మర్జ్ పోయకముందే చేయాలి.

దానికి సైట్‌లో ఆల్రెడీ ఒక పద్ధతి ఉంది, పేరు పోర్ కార్డ్. ఒక్క పేజీ. ఈ స్లాబ్ పోయబోతున్నం, సెంట్రింగ్ చూసినం, ఇనుము చూసినం, ఎలక్ట్రికల్ ఎంబెడ్లు చూసినం అని ఒక్కొక్కరి సంతకం. చాలా చోట్ల ఎలక్ట్రికల్ గడి ఖాళీగా ఉంటది, లేదా మీ తరఫున ఇంకెవరో గీకేస్తరు. మీరు సబ్ కాంట్రాక్టర్ అయితే మొదటి రోజే అడగండి, ఆ గడిలో మా మనిషి సంతకం లేకుండా పోయొద్దు అని. సంతకానికి ముందు టేప్ పట్టుకుని కొలవండి, తారీఖు కనిపించేట్టు ఫోన్‌లో ఫోటోలు తీయండి. పోసిన తర్వాత లోపల ఏముందో చెప్పే సాక్షి ఆ ఫోటో ఒక్కటే.

రెండో పద్ధతి, వచ్చే మూడు వారాల ప్లాన్ మీద వారానికో మీటింగ్. ఎక్కడ పోస్తున్నరు, ఎక్కడ ఫ్రంట్ ఇస్తరు, ఏ డ్రాయింగ్ రావాలి. మీటింగ్ అయినంక మాట్లాడింది నాలుగు లైన్లలో మెయిల్ పెట్టండి. వాట్సాప్ గ్రూప్‌లో చెప్పడం మంచిదే, కానీ బిల్లు గొడవ వచ్చిన రోజు మెయిల్‌కే విలువ ఎక్కువ. సివిల్ అన్నలకు కూడా ఒక మాట. ఫ్రంట్ లేట్‌గా ఇచ్చి, చివరి తారీఖు మాత్రం అదే ఉంచితే, ఆ తొందరంతా కరెంట్ పని మీద పడుతది. తొందరలో చేసిన కేబుల్ జాయింట్ తర్వాత ఎన్నడో కాలుతది.

మూడోది ప్రాణం సంగతి. సివిల్ వాళ్లకు క్యూరింగ్ నీళ్లు కావాలి, ఎలక్ట్రికల్ వాళ్లకు నీళ్లంటేనే భయం. తడి స్లాబ్ మీద టెంపరరీ వైర్, దానికి ఒక గ్రైండర్, చెప్పుల్లేని కాళ్లు. ఇంతకన్నా డేంజర్ ఏముంది? టెంపరరీ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉండాలి, దాని టెస్ట్ బటన్ నొక్కి చూస్తుండాలి. ఆ బోర్డు ఎవరిది, ఎవరు చూసుకుంటరు అన్నది మొదటి మీటింగ్‌లోనే రాసుకోండి. ఎవరిదీ కాని బోర్డే మనుషుల్ని చంపుతది. కరెంట్ ఇచ్చిన తర్వాత జేసీబీ తవ్వాలంటే పర్మిట్ కావాలి, లైన్ మీద పనైతే ఎల్‌సీ తీసుకోవాలి. ఆపిన్రట అని ఎవరో అంటే నమ్మొద్దు. తాళం మీది, తాళంచెవి మీ జేబులో.

సివిల్ లెవల్, ఎలక్ట్రికల్ తలరాత ఎట్లా ముడిపడి ఉంటయో చూడాలంటే కన్నెపల్లి గుర్తు చేసుకోండి. ఒకప్పుడు అది కూడా కరీంనగర్ జిల్లానే. 2022 జులై గోదావరి వరదకు పంప్‌హౌస్‌లోకి నీళ్లొచ్చి 17 మోటార్లు మునిగినయి. తప్పెవరిది అన్న చర్చ వేరే. మనం తీసుకోవాల్సింది ఒక్కటే. గోడ ఎంత ఎత్తు, నీళ్లొస్తే ప్యానెల్ ఎక్కడ ఉండాలి అన్నది సివిల్ వాళ్లు ఒక్కళ్లే తేల్చుకునే ప్రశ్న కాదు.

ఆఖరికి పైసలు. ఎంఎస్‌ఎంఈ చట్టం 2006లో వచ్చింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థకు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి అని ఆ చట్టం అంటది. అయితే లేబర్, మెటీరియల్ కలిసిన వర్క్స్ కాంట్రాక్టులకు ఇది ఎంతవరకు వర్తిస్తది అన్నదాని మీద కోర్టుల్లో వాదనలు నడిచినయి, కాబట్టి లాయర్‌ను ఒకసారి అడగండి. రిజిస్ట్రేషన్ మాత్రం పని మొదలుకాకముందే చేసుకోండి, ఫీజు లేదు. వర్క్ ఆర్డర్‌లో మూడు లైన్లు వెతకండి: రిటెన్షన్ ఎంత, ఎన్ని నెలలకు తిరిగిస్తరు, చిప్పింగ్, కోర్ కటింగ్ ఖర్చు ఎవరిది. మూడో లైన్ లేకపోతే రాయించుకోండి. రాయనంటే రేటు మళ్లీ మాట్లాడండి.

సివిల్ వాళ్లు, కరెంట్ వాళ్లు శత్రువులు కాదు. ఇద్దరూ ఒకే ఎండలో, ఒకే చాయ్ బండి దగ్గర నిలబడేవాళ్లే. ఆ చాయ్ దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "అన్నా, రేపు ఎక్కడ పోస్తున్నరు?" అది ఇయ్యాలే అడిగితే రేపు స్లాబ్ పగలగొట్టే పని ఉండదు.

మీ సైట్‌లో పోర్ కార్డ్ మీద ఎలక్ట్రికల్ గడి ఉందో లేదో రేపు పోయి చూసి నాకు రాయండి. సైట్‌కు కొత్తగా పోతున్న దోస్తు ఉంటే ఈ వీడియో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్స్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి, జాగ్రత్త.