ఆసుపత్రి గుమ్మము దాటిన పిదప



ప్రభుత్వాసుపత్రి పని ఎట్లున్నదని అడిగినచో మనకు సామాన్యముగా చూపబడు లెక్కలు మూడు: రోగులు ఎందరు వచ్చిరి, మంచములు ఎన్ని నిండినవి, శస్త్రచికిత్సలు ఎన్ని జరిగినవి. ఇవి అవసరమైన లెక్కలే. కాని ఇల్లు చేరిన రోగి తన కాళ్లమీద తాను నిలువగలిగెనా అను ప్రశ్నకు వీనిలో సమాధానము లేదు. ఆ సమాధానము చాలవరకు ఫిజియోథెరపిస్టు చేతిలోనున్నది. ఆయన పని ఆసుపత్రిలో ఆరంభమై పల్లెలో ఫలించును. కావుననే అది సులభముగా లెక్కకు అందదు. లెక్కకు అందని పనికి ఉద్యోగులను కోరుటయు కష్టమే.

మన దేశమున ఈ విద్య పోలియో పీడితుల సేవకై వేరూనినది. 1953లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయముతో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శిక్షణాలయము వెలసినది. 2014లో భారతదేశము పోలియో రహితమైనట్లు ధ్రువీకరింపబడినది. అయినను ఫిజియోథెరపిస్టుతో పని తీరలేదు. పక్షవాతము, రోడ్డు ప్రమాదములు, కీళ్లనొప్పులు ఆయన గుమ్మమున నిలిచియున్నవి.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతమునే చూతము. పలకలరాతి పనివారు దినమంతయు వంగి పనిచేయుదురు. ఎముక విరిగినవారు పుత్తూరు కట్టు కట్టించుకొన్నను, ఆసుపత్రిలో పిండికట్టు వేయించుకొన్నను, కట్టు విప్పిన పిదప బిగిసిన కీలును మరల వంచి సాధన చేయవలసినదే. ఇక ఫ్లోరైడు మాట: నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధిని గూర్చి 1937లోనే వైద్యులు ప్రకటించిరి. వెన్ను కొయ్యబారిన వారికి వ్యాయామము వ్యాధిని పోగొట్టదు. వ్యాధి రాకుండుటకు మంచినీరే శరణ్యము. కాని మిగిలిన కదలికను నిలుపుకొనుటకు వ్యాయామము తోడ్పడగలదు.

ఈ చికిత్సకును మందుబిళ్లకును గొప్ప భేదమున్నది. బిళ్లలను నెలకు సరిపడ ఒకేమారు మూటగట్టి ఇయ్యవచ్చును. సాధనను అట్లు ఇయ్యరాదు. గిద్దలూరు రోగి వారమునకు మూడుమార్లు చొప్పున ఆరు వారములు ఒంగోలు పోవలెనన్నచో 18 ప్రయాణములగును. పోను రాను 250 కిలోమీటర్లకు తక్కువ లేదు. మొత్తము 4,500 కిలోమీటర్లు! తోడు వచ్చినవారికి 18 దినముల కూలి పోవును. రెండవ ప్రయాణముతోనే రోగి మానుకొన్నచో తప్పు ఎవరిది? కావున ఈ ఉద్యోగి రోగి ఇంటికి దగ్గరి ఆసుపత్రిలో ఉండవలెను.

ఒక్కరిని నియమించి ఊరకుండుటయు చాలదు. ఉదయము బయటి రోగుల వరుస, లోపల వార్డులో పక్షవాత రోగి — ఈ రెండును ఒక్కరిపైననే పడినచో వార్డు వెనుకబడును. పక్షవాతమునకు మెలకువ కావలెను. 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన, మొదటి 24 గంటలలోపుననే రోగిని తీవ్రముగా సాధన చేయించుట మేలుకు బదులు కీడు చేయవచ్చునని తెలిపినది. ఎప్పుడు, ఎంత కదలింపవలెనో బంధువులు ఊహింపజాలరు, శిక్షితుడే నిర్ణయింపవలెను. 2021లో పార్లమెంటు చేసిన చట్టము ఈ వృత్తికి జాతీయ స్థాయిలో గుర్తింపును, క్రమమును కల్పించినది. ఆ గుర్తింపు చిన్న పట్టణపు ఆసుపత్రి గదివరకు రావలెను.

ఫలితమును కొలుచుట అసాధ్యము కాదు. 1965లో ప్రకటితమైన బార్తెల్ పట్టిక భోజనము, స్నానము, దుస్తులు, నడక, మెట్లెక్కుట మొదలగు పది పనులలో రోగి స్వావలంబనమును తూచును. దానికి యంత్రము అక్కరలేదు. చేరిననాడు, పోవునాడు, మూడు నెలల పిదప ఆశా కార్యకర్త ఇంటికి పోయినపుడు — ఈ మూడు అంకెలు వ్రాసియుంచినచో చాలును. అయితే ఒక హెచ్చరిక. ఆ అంకెలను ఉద్యోగిని దండించుటకు వాడినచో, సులభముగా కోలుకొను రోగులనే చేరదీసి, కష్టమైనవారిని పంపివేయు బుద్ధి పుట్టును. అంకె ఉద్యోగికి కొరడా కాక, ఎచ్చట ఇంకొకరు కావలెనో చూపు దీపము కావలెను.

రోగిని బ్రతికించుట వైద్యమున సగము పని. అతడు తన పెరటి బావివరకు తానే నడిచిననాడు మిగిలిన సగము పూర్తియైనదని మేము తలంతుము. ఆ నడకనుకూడ మన ఆసుపత్రులు తమ లెక్కలలో చేర్చుకొనుగాక.