శనగ అంటే ఏ శనగ?



ఆదోని మార్కెట్ యార్డులో ఇద్దరు రైతులు మాట్లాడుకొనుట మీరు వినియే యుందురు. "ఈ యేడు ఏమేసినావన్నా?" అని ఒకరడిగితే, "శనగ యేసినాలేప్పా" అని రెండవవారి జవాబు. అడిగినవాడు పత్తికొండ వైపు ఎర్రనేల రైతైతే నేలలో కాయ కాచే శనగ అనుకొనును. ఆలూరు, హొళగుంద వైపు నల్లరేగడి రైతైతే పప్పు చేసుకొనే శనగ అనుకొనును. మాట ఒకటే, మొక్కలు రెండు. ముచ్చట వరకైతే ఫరవాలేదు. విత్తనము కొనేటప్పుడు, మందు అడిగేటప్పుడు, కాగితము మీద పంట పేరు వ్రాయించేటప్పుడు మాత్రము ఈ ఒక్క మాట రైతుకు నష్టము తెచ్చిపెట్టగలదు. కనుక ఈ పేరు సంగతి కొంచెము విచారింతము.

శనగ అను పేరు మొదట పప్పుశనగదే. సంస్కృతములోని చణకము అను మాటకు ఇది దగ్గరి చుట్టము. వేల యేండ్ల నుండి మన దేశములో ఉన్న పంట అది. వేరుశనగ అట్లుకాదు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసువారి ఓడలు మహాసముద్రములు దాటుట మొదలైన తరువాతనే ఆ కాయ ఇతర ఖండములకు చేరినది. కొత్త కాయ చేతికి వచ్చినప్పుడు మన పెద్దలు ఏమి చేసిరి? ఇంట్లో ఉన్న గింజ పేరునే దానికి పెట్టి, నేలలో నుండి ఊడివచ్చినది కాబట్టి ముందర 'వేరు' తగిలించిరి. తమిళులు వేర్కడలై అందురు. కడలై అంటే పప్పుశనగయే. మరాఠీవారు భుయీముగ్ అందురు, అంటే నేలపెసర. హిందీ మూంగ్‌ఫలీలో కూడా ఉన్నది పెసర పేరే. ఊరికి వచ్చిన కొత్తవానిని, 'ఫలానావారి అల్లుడు' అని పిలిచినట్లన్నమాట.

మన పడమటి ప్రాంతములో ఆ అల్లుడే ఇంటి యజమాని అయ్యెను. ఎర్రనేలల్లో వేరుశనగ విరివిగా పెరిగిన కొద్దీ పల్లె నోళ్ళలో 'వేరు' రాలిపోయి శనగ, శనక్కాయ మిగిలినవి. అప్పుడు పాత శనగకు గుర్తు చాలక, దానికే 'పప్పు' అను మాట చేర్చి పప్పుశనగ అనవలసి వచ్చినది. పేరు యొక్క అసలు హక్కుదారుడే కొత్త పేరు వెతుక్కోవలసి వచ్చుట నాకు భలే వింతగా తోచును. కర్నూలు జిల్లాలో బుడ్డలు అనువారున్నారు. కన్నడము మాట్లాడు ఇండ్లలో శేంగా, తెలంగాణములో పల్లీలు. ఇవి చక్కని పేర్లు, పొరపాటుకు తావు లేనివి. ఉగ్గానిలో వేసే పప్పులపొడి వేయించిన పప్పుశనగది, దాని ప్రక్కన చట్ని శనక్కాయ గింజలది. మన ఇండ్లలోని ఆడవారు ఈ రెంటి విషయములో ఎన్నడూ పొరబడరు. చిక్కంతా మనము చేనికి పోయిన తరువాతనే.

వేరుశనగ అను పేరులో మరియొక తిరకాసు కూడా ఉన్నది. ఆ కాయ వేరుకు కాచినది కాదు. పసుపుపచ్చని పూవు భూమికి పైననే పూయును. ఫలదీకరణము జరిగిన తరువాత పూవు అడుగు నుండి ఊడ బయలుదేరి క్రిందికి వంగి నేలలో దిగును. ఆ ఊడ కొననే కాయ ఊరును. దీనివలన రైతుకు తెలియవలసినవి రెండున్నవి. ఊడలు దిగుచున్నప్పుడు మట్టిని కదిలించరాదు. అందుచేతనే విత్తిన 45 రోజుల తరువాత గుంటక తోలవద్దని చెప్పుదురు. రెండవది జిప్సము సంగతి. కాయకు కావలసిన సున్నము వేరు నుండి పైకిపోయి తిరిగి కాయకు దిగిరాదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుండి తానే పీల్చుకొనును. కావున ఎకరాకు 200 కిలోల జిప్సమును ఊడలు దిగు సమయమున, మొదళ్ళ దగ్గర, కాయ ఊరే చోట పడునట్లు వేయవలెను. పేరును నమ్మి వేరుకు పెడుతున్నామనుకొని సాళ్ళ నడుమ ఎక్కడో చల్లితే తాలుకాయలే మిగులును.

ఇక రేడియోలో గాని, శాఖవారి కరపత్రములలో గాని శనగ అని వస్తే అది పప్పుశనగ అని గుర్తుంచుకొనవలెను. శనగపచ్చ పురుగు అను పేరు ఉన్నది గదా! అది పప్పుశనగ కాయను తొలిచే పురుగు. కందిని, టమాటాను, మన ఆదోని పత్తి కాయను కూడా వదలదు. వేరుశనగలో ఆకు తినే పురుగు కనబడగానే, పేరు కలిసినదని దానికి చెప్పిన మందు తెచ్చుకోరాదు. అక్కడ ఉన్నది ఎర్రగొంగళి కావచ్చు, పొగాకు లద్దెపురుగు కావచ్చు, ఆకుముడత కావచ్చు. పురుగును సీసాలో వేసుకొనిపోయి చూపించుట మేలు. విస్తరణ సిబ్బంది కూడా మన ప్రాంతములో 'శనగ' అని ఒంటిగా వ్రాయక, పప్పుశనగ, వేరుశనగ అని నిండుగా వ్రాయవలెనని నా మనవి.

కాలమును బట్టి తెలియదా అందురేమో. ఖరీఫులో అవును. అయితే నల్లరేగడిలో పప్పుశనగ విత్తేది అక్టోబరు, నవంబరులో. బోర్ల క్రింద, కాలువల క్రింద యాసంగి వేరుశనగకు విత్తనము కొనువారు కూడా ఇంచుమించు ఆ రోజులలోనే అంగడికి వత్తురు. దేశవాళీ పప్పుశనగకు ఎకరాకు 25 నుండి 30 కిలోలు చాలును. వేరుశనగకైతే ఒలిచిన గింజ 60 కిలోలకు తక్కువ పనికిరాదు. రకము పేరుతో అడిగినచో గొడవే లేదు. కదిరి 6, కదిరి లేపాక్షి అంటే వేరుశనగ. జె.జి. 11, నంద్యాల శనగ 49 అంటే పప్పుశనగ. ఈ-పంట నమోదులో కూడా మీ పంట ఏ పేరున ఎక్కినదో అక్కడే చదివించుకొని చూడండి. ఇంటికి వచ్చిన తరువాత దిద్దించుట కష్టము.

రైజోబియం పొట్లము కొనువారు మరీ జాగ్రత్తగా ఉండవలెను. వేరుశనగ వేళ్ళపై బుడిపెలు కట్టే సూక్ష్మజీవి కంది, అలసంద, పెసరలతో కలిసి బ్రతికే జాతిది. పప్పుశనగకు మాత్రము తనదైన సూక్ష్మజీవియే కావలెను, ఇతర పైర్లది దానికి పట్టదు. పొట్లము మీద పంట పేరు చూడక 'శనగది ఇయ్యప్పా' అని తెచ్చి కలిపితే, ఆ డబ్బు మట్టిలో పోసినట్లే. విత్తిన నెల దాటిన తరువాత ఒక మొక్కను పెకలించి, మట్టి కడిగి, వేరు మీది బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల లేత ఎరుపు రంగు కనబడితే పని జరుగుచున్నదన్నమాట. తెల్లగానో ఆకుపచ్చగానో ఉన్నా, అసలు బుడిపెలే లేకున్నా, ఆ మొక్కను, మీరు వాడిన పొట్లమును రెంటినీ తీసుకొని మీ వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్ళండి.